గోడో నాటకానికి ఏ ప్రతి చదవమంటారు? బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖల బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ ఖరారు చేసే మండలి) అధ్యక్షులకు, సభ్యులకు, రంగస్థల కళల శాఖల ఆచార్యులకు,

నమస్కారం.

శామ్యూల్ బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో' ఏళ్ల తరబడి మన ఎం.ఏ. ఇంగ్లీషు సిలబస్‌లలో ఉంటూ వస్తోంది. వ్లాదిమిర్, ఎస్ట్రగాన్ అనే ఇద్దరు బాటసారులు ఒక చెట్టు దగ్గర గోడో అనే మనిషి కోసం ఎదురుచూస్తూనే ఉంటారు, అతను రాడు; మధ్యలో పోజో అనే యజమాని, అతని నౌకరు లక్కీ తారసపడతారు. అంత కష్టమైన నాటకాన్ని మన పిల్లల ముందు పెట్టినందుకు మీకు కృతజ్ఞతలు. దాన్ని చెప్పే తీరు మీద, పుస్తకం ప్రతి మీద మేము ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

మేము చూసిన చాలా సిలబస్‌లలో నాటకం పేరు, రచయిత పేరు మాత్రమే ఉన్నాయి. ఏ ప్రతి చదవాలో లేదు. అది ఫ్రెంచిలో పుట్టిందన్న మాట లేదు. ఇంగ్లీషులోకి వచ్చాక ఏ ఊళ్లో ఎలా ఆడింది, ఎక్కడ ఏ మాట కత్తెరపాలైంది అన్న ఊసే లేదు. ఇవి లేకపోతే ఏమవుతుందో వరసగా చెబుతాం.

1. సంవత్సరాల గందరగోళం. బెకెట్ ఈ నాటకాన్ని 1948 అక్టోబరులో మొదలుపెట్టి 1949 జనవరిలో పూర్తి చేశాడు. రాసింది ఫ్రెంచిలో. అచ్చయింది 1952లో, పారిస్‌లో. రంగస్థలం ఎక్కింది 1953 జనవరి 5న, థియేటర్ ద బాబిలోన్ అనే చిన్న హాల్లో, రోజె బ్లాఁ దర్శకత్వంలో. ఇంగ్లీషు అనువాదం బెకెట్ తానే చేశాడు. అది ముందు 1954లో న్యూయార్క్‌లో గ్రోవ్ ప్రెస్ పుస్తకంగా వచ్చింది. ఇంగ్లీషులో తొలి ప్రదర్శన 1955 ఆగస్టు 3న లండన్ ఆర్ట్స్ థియేటర్‌లో జరిగింది. దర్శకుడు పీటర్ హాల్, అప్పటికి 24 ఏళ్లవాడు. లండన్‌లో ఫేబర్ అనే ప్రచురణ సంస్థ పుస్తకం 1956లో వచ్చింది.

'ఈ నాటకం ఏ సంవత్సరంది?' అని బిట్టు ప్రశ్న ఇస్తే పై తేదీల్లో ఏది రాసినా ఏదో ఒక అర్థంలో సరైనదే. ప్రశ్నపత్రం ఇచ్చేవారి దగ్గర ఉన్న పుస్తకం ఒకటి, పిల్లవాడి దగ్గరున్నది మరొకటి అయితే మార్కు పోయేది పిల్లవాడికే. రచన, ముద్రణ, ప్రదర్శన, అనువాదం అని నాలుగు గళ్లు గీసి తేదీలు వేసి ఇస్తే అర పేజీలో తీరిపోయే సమస్య ఇది.

2. కోతపడిన ప్రతి. మాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే కాబట్టి కాస్త విడమరిచి చెబుతాం.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో ప్రజలకు టిక్కెట్టు అమ్మి ఆడే ఏ కొత్త నాటకమైనా ముందుగా లార్డ్ చాంబర్లేన్ అనే రాజాస్థానపు అధికారి కార్యాలయానికి వెళ్లాలి. ఆయన అనుమతి ఇస్తేనే తెర లేవాలి. 1737 చట్టంతో గట్టిపడిన ఈ పద్ధతి 1968 సెప్టెంబరు దాకా సాగింది. గోడో ప్రతిని చూసిన ఆ కార్యాలయం కొన్ని మాటలు తీసేయమంది. కొన్ని మార్పులకు బెకెట్ సరేనన్నాడు, కొన్నిటికి ససేమిరా అన్నాడు. ఆర్ట్స్ థియేటర్ సభ్యుల క్లబ్బు కావడంతో ఆ నిబంధన అక్కడ పట్టలేదు. 1955 ఆగస్టు 7, ఆదివారం పత్రికల్లో హెరాల్డ్ హాబ్సన్, కెనెత్ టైనన్ రాసిన సమీక్షలతో నాటకం నిలబడింది. సెప్టెంబరులో మామూలు ప్రేక్షకులు వచ్చే క్రైటీరియన్ థియేటర్‌కు మారింది. అక్కడ మాత్రం కత్తెర తప్పలేదు.

అదే ఏడాది అక్టోబరు 28న డబ్లిన్‌లో పైక్ అనే చిన్న థియేటర్‌లో అలన్ సింప్సన్ ఇదే నాటకం ఆడించాడు. ఐర్లండ్‌లో లార్డ్ చాంబర్లేన్ మాట చెల్లదు. లండన్‌లో వినిపించని మాటలు డబ్లిన్‌లో వినిపించాయి.

అసలు చిక్కు పుస్తకంలో ఉంది. 1956 ఫేబర్ ముద్రణ క్రైటీరియన్‌లో ఆడిన పాఠాన్ని, అంటే కోతపడిన పాఠాన్నే అచ్చువేసింది. ఆ సంగతి ముందుమాటలో ఒప్పుకుంది కూడా. కోతలు లేని పూర్తి పాఠాన్ని ఫేబర్ 1965లో గానీ వేయలేదు. లండన్‌లో ప్రజలు టిక్కెట్టు కొనుక్కుని పూర్తి నాటకం చూడడం కూడా 1964 డిసెంబరు చివర రాయల్ కోర్ట్ థియేటర్‌లోనే మొదలైంది. ఇవాళ మన పిల్లలు పాత లైబ్రరీ కాపీలు, వాటి జిరాక్స్‌లు, ఎక్కడినుంచో దిగిన పీడీఎఫ్‌లు చదువుతున్నారు. మొదటి నాలుగు పేజీలు చిరిగిపోయిన జిరాక్స్‌లో ఆ ముందుమాట ఎక్కడుంటుంది?

మీ చేతిలో ఉన్న ప్రతి ఏదో తేల్చుకోవడానికి మూడు చోట్లు చూస్తే చాలు.

మొదటి చోటు: తొలి అంకంలో చెట్టుకు ఉరి వేసుకుందామా అని ఎస్ట్రగాన్ అడిగే సన్నివేశం. పూర్తి ప్రతిలో వ్లాదిమిర్ 'ఉరి వేసుకుంటే అంగం నిక్కుతుంది' అన్న అర్థం వచ్చే మాట అంటాడు, ఎస్ట్రగాన్ ఉత్సాహపడతాడు. కోత ప్రతిలో వ్లాదిమిర్ చెవిలో ఏదో గొణుగుతాడు, ఎస్ట్రగాన్ ఉత్సాహపడతాడు, అంతే. ఎందుకు ఉత్సాహపడ్డాడో చదివేవాళ్లకు అంతుపట్టదు.

రెండో చోటు: పోజో పేరు సరిగా వినపడక గోజో అనే కుటుంబం ప్రస్తావన వచ్చే మాట. పూర్తి ప్రతిలో ఆ ఇంటి తల్లికి 'క్లాప్', అంటే సుఖవ్యాధి. కోత ప్రతిలో 'వార్ట్స్', అంటే పులిపిర్లు.

మూడో చోటు: లక్కీ ఊపిరి తీసుకోకుండా చెప్పే పెద్ద ప్రసంగం. పూర్తి ప్రతిలో 'ఫార్టోవ్ అండ్ బెల్చర్' అనే ఇద్దరు పండితుల పేర్లు వస్తాయి. మొదటి పేరులో అపానవాయువు, రెండో పేరులో తేన్పు వినిపించాలి. కోత ప్రతిలో ఫార్టోవ్ కాస్తా 'పాపోవ్' అయిపోయాడు. తేన్పు మిగిలింది, దాని జత పోయింది.

క్లాసులో ఒకరి దగ్గర పాపోవ్, ఇంకొకరి దగ్గర ఫార్టోవ్ ఉంటే ఇద్దరూ తమ పుస్తకమే సరైనదనుకుంటారు. ఆ ప్రసంగం మీద సందర్భ వ్యాఖ్య అడిగితే ఒకరికి హాస్యం కనబడుతుంది, మరొకరికి కనబడదు. తెలుగులోకి అనువదించేవాళ్లు 1956 ప్రతి పట్టుకుంటే సుఖవ్యాధి బదులు పులిపిర్లే తెలుగులోకి దిగుతాయి. బ్రిటన్‌లో 1968లో రద్దయిపోయిన సెన్సారు మన భాషలో ఇంకా బతికే ఉంటుంది. మన విద్యార్థికి ఇది అవసరమా?

3. అనువాదం అన్న సంగతి దాచడం. బెకెట్ అనువాదం మాటకు మాట కాదు. ఫ్రెంచి ప్రతికి లేని 'రెండంకాల ట్రాజికామెడీ' (విషాదం, హాస్యం కలిసిన నాటకం) అన్న ఉపశీర్షిక ఇంగ్లీషులో చేరింది. ఇది ట్రాజికామెడీ ఎలా అయిందో చర్చించండి అన్న ఎస్సే ప్రశ్నకు జవాబు రాసే ముందు, ఆ మాట అనువాదంతో వచ్చిందని తెలియాలా వద్దా?

ఫ్రెంచిలో లక్కీ ప్రసంగంలో సేన్, సేన్-ఎ-వాజ్, సేన్-ఎ-మార్న్ అంటూ పారిస్ చుట్టుపక్కల ప్రాంతాల పేర్లు దొర్లుతాయి. ఇంగ్లీషులో వాటి చోట ఫెకమ్, పెకమ్, ఫుల్లమ్, క్లాపమ్ వచ్చాయి. చివరి మూడూ లండన్ పేటలే, మొదటిది మాత్రం కల్పితం. ఫ్రెంచిలో 'తిట్టుకుందాం' అన్నాక తిట్లు మార్చుకుంటారు అన్న సూచన మాత్రమే ఉంటుంది. ఇంగ్లీషులో ఒక్కొక్క తిట్టూ అచ్చులో ఉంది, అన్నిటికన్నా ఘోరమైన తిట్టు 'క్రిటిక్'.

ఒక తేడా దగ్గర ఆగాలి. వ్లాదిమిర్, ఎస్ట్రగాన్ ఒకప్పుడు ద్రాక్షతోటలో కోత పని చేశామని గుర్తు చేసుకుంటారు. ఫ్రెంచి ప్రతిలో ఆ రైతు పేరు బొనెల్లీ, ఊరి పేరు రూసియోఁ అని స్పష్టంగా ఉంది. నాజీల ఆక్రమణ కాలంలో ప్రతిఘటన దళంలో పనిచేసిన బెకెట్ 1942లో పారిస్ నుంచి తప్పించుకుని తలదాచుకున్నది ఆ రూసియోఁలోనే. అక్కడ తోటల్లో పనిచేసి పొట్టపోసుకున్నాడు. ఇంగ్లీషు ప్రతిలో వ్లాదిమిర్‌కు ఆ రైతు పేరూ గుర్తురాదు, ఊరి పేరూ గుర్తురాదు. ఇంగ్లీషు ఒక్కటే చదివితే వాళ్లిద్దరూ ఊరూ పేరూ లేని శూన్యంలో తిరిగే మనుషులు. ఫ్రెంచి పక్కన పెట్టి చదివితే యుద్ధం, తలదాచుకోవడం, కూలి పని, రాని కబురు కోసం ఎదురుచూపు అన్నీ కనబడతాయి. 'అబ్సర్డ్' (బతుక్కి అర్థం లేదని చూపే నాటకం) అన్న ఒక్క ముద్ర వేసి పాఠం ముగిస్తే ఈ చరిత్ర అంతా గాలికి పోతుంది.

గోడో అంటే గాడ్ అన్న సమాధానం మీరూ వందల జవాబు పత్రాల్లో చూసే ఉంటారు. నాటకం పుట్టిన ఫ్రెంచిలో దేవుణ్ని 'ద్యూ' అంటారు. 1953 పారిస్ ప్రేక్షకుడికి గోడో అన్న పేరులో దేవుడు అప్పనంగా వినిపించడు. బెకెట్ మాతృభాష ఇంగ్లీషే కాబట్టి ఆ ధ్వని అతనికి తెలియదని మేము అనడం లేదు. దాన్ని ఒక్కటే సరైన జవాబుగా మార్కులు వేయడం తప్పంటున్నాం.

4. ఎక్కడ ఆడితే అలా మారిన నాటకం. 1956 జనవరి 3న అమెరికాలో తొలి ప్రదర్శన మయామీలోని కోకనట్ గ్రోవ్ ప్లేహౌస్‌లో జరిగింది. దర్శకుడు అలన్ ష్నైడర్, నటులు బర్ట్ లార్, టామ్ యూవెల్. సెలవులకు వచ్చిన జనానికి దీన్ని రెండు ఖండాలను నవ్వించిన నాటకంగా ప్రచారం చేశారు. నవ్వుదామని వచ్చినవాళ్లు విరామంలో గుంపులుగా లేచి వెళ్లిపోయారు. నాటకంలో ఒక్క మాట మారలేదు. తప్పంతా ప్రకటనలోనూ, ఎంచుకున్న చోటులోనూ ఉంది. అదే నిర్మాత మైకేల్ మైయర్‌బర్గ్ ఏప్రిల్‌లో న్యూయార్క్ నాటకశాలల పేట బ్రాడ్వేకు తీసుకెళ్లినప్పుడు పద్ధతి తిప్పేశాడు. డెబ్బై వేల మంది మేధావులు కావాలంటూ పత్రికల్లో ప్రకటన ఇచ్చాడు. దర్శకుడిగా హెర్బర్ట్ బెర్గాఫ్ వచ్చాడు, లార్ మాత్రం కొనసాగాడు. రెండు నెలల లోపు ఆడినా ఈసారి నాటకం నిలిచింది. 1957 జనవరిలో నల్లజాతి నటులతో బ్రాడ్వేలోనే మళ్లీ ఎక్కింది, వారం తిరక్కుండానే దిగిపోయింది.

1957 నవంబరు 19న శాన్ ఫ్రాన్సిస్కో యాక్టర్స్ వర్క్‌షాప్ హెర్బర్ట్ బ్లావ్ దర్శకత్వంలో శాన్ క్వెంటిన్ జైల్లో ఆడింది. చూసినవాళ్లు దాదాపు 1,400 మంది ఖైదీలు. ఈ నాటకాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఇందులో ఆడ పాత్ర లేకపోవడం. ఎదురుచూడడం అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. మయామీలో డబ్బున్నవాళ్లు లేచిపోయిన నాటకాన్ని వాళ్లు కదలకుండా చూశారు. రిక్ క్లూచీ అనే ఖైదీ ఆ రోజు గదిలోనే ఉండి లౌడ్‌స్పీకర్లో విన్నాడు. తర్వాత అదే జైల్లో నాటక బృందం కట్టాడు, విడుదలయ్యాక బెకెట్‌తోనే కలిసి పనిచేశాడు.

దక్షిణాఫ్రికాలో 1980లో కేప్‌టౌన్ బాక్స్‌టర్ థియేటర్‌లో డొనాల్డ్ హావర్త్ దర్శకత్వంలో జాన్ కాని, విన్‌స్టన్ ఇన్ట్‌షోనా ఆ ఇద్దరు బాటసారులుగా నటించారు. వర్ణభేదం పాటించే హాళ్లకు తన నాటకాలు ఇవ్వనన్న బెకెట్ ఇక్కడ ఒప్పుకున్నాడు, ఎందుకంటే అక్కడ అన్ని రంగులవాళ్లూ కలిసి కూర్చునేవారు. 2007 నవంబరులో న్యూ ఆర్లీన్స్‌లో, కత్రినా తుపాను ముంచెత్తిన వీధుల్లోనే ఆడారు. సాయం వస్తుందని రెండేళ్లుగా చూస్తున్న జనం ముందు ఆ ఎదురుచూపుకు ఫుట్‌నోట్ ఎందుకు?

తుపానుకూ కరువుకూ పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాల పిల్లలు మన క్లాసుల్లో ఉన్నారు. ఈ ప్రదర్శనల చరిత్ర వాళ్లకు చెబితే నాటకం గైడులో నిర్వచనంగా మిగలదు. వాళ్ల చేతికి అందుతుంది.

5. రంగసూచనలు వదిలేయడం. గోడోలో సగం అర్థం బ్రాకెట్లలో ఉంది. పాఠం చెప్పేటప్పుడు వాటినే దాటేస్తారు, విద్యార్థులు ఆడినప్పుడు అక్కడే బోల్తా పడతారు.

తాడు చూడండి. లక్కీ మెడలో తాడుతో ముందు వస్తాడు. అతను స్టేజి మధ్యకు చేరేదాకా పోజో కనబడకూడదు, తాడు మాత్రమే సాగుతూ రావాలి. అంటే తాడు పొడవు పక్క తెర నుంచి స్టేజి మధ్యకు ఉన్న దూరం కన్నా ఎక్కువ ఉండాలి. ముప్పై అడుగుల స్టేజికి పది అడుగుల తాడు తెస్తే లక్కీ మధ్యకు చేరకముందే పోజో కనబడిపోతాడు, యజమాని ఎవరో అన్న ఉత్కంఠ అక్కడే చచ్చిపోతుంది. కాబట్టి రిహార్సల్ మొదటిరోజే స్టేజి కొలిచి తాడు కొయ్యాలి. మెడ దగ్గర బిగుసుకోని ముడి వెయ్యాలి, ఎందుకంటే పోజో దాన్ని నిజంగానే లాగుతాడు. లక్కీ చేతుల్లో బరువైన సంచి, మడత స్టూలు, తిండి బుట్ట, చేతి మీద కోటు ఉండాలి. ఖాళీ సంచి మోస్తే భుజం వంగదు, అబద్ధం వెనక వరసకు కూడా తెలిసిపోతుంది.

రెండో అంకంలో మూడు టోపీలు ఇద్దరి మధ్య తిరిగే సన్నివేశానికి లెక్క తప్పకూడదు. ఆఖరికి ఎస్ట్రగాన్ తలమీద ఎస్ట్రగాన్ టోపీ, వ్లాదిమిర్ తలమీద లక్కీ టోపీ ఉండాలి, వ్లాదిమిర్ సొంత టోపీ నేలమీద పడాలి. లోపల మూడు రంగుల దారం కుట్టుకుని సాధన చేస్తే తికమక ఉండదు. చెట్టుకు మొదటి అంకంలో ఆకు ఉండకూడదు. రెండో అంకంలో ఇంగ్లీషు ప్రతి ప్రకారం నాలుగైదు ఆకులే. చెట్టు నిండా ఆకులు కడితే వసంతం వచ్చినట్టుంటుంది, అది వేరే నాటకం.

చివర్లో ఎస్ట్రగాన్ ప్యాంటుకు కట్టిన తాడు విప్పుతాడు, ప్యాంటు మడమల దాకా జారుతుంది. ఆ తాడు ఉరికి పనికొస్తుందా అని ఇద్దరూ లాగి చూస్తే తెగుతుంది. 1953 పారిస్ ప్రదర్శనలో ఆ ప్యాంటు పూర్తిగా జారడం లేదని తెలిసి బెకెట్ రోజె బ్లాఁకు ఉత్తరం రాశాడు, పూర్తిగా జారాల్సిందే అని పట్టుబట్టాడు. మన కాలేజీల్లో సిగ్గుపడి దీన్నే తీసేస్తారు. నవ్వూ దుఃఖమూ ఒక్క క్షణంలో కలిసే చోటు అదే. లోపల పొడుగు డ్రాయరు వేయిస్తే మర్యాదకు లోటు రాదు.

6. అనుమతుల భయం. బెకెట్ 1989 డిసెంబరు 22న చనిపోయాడు. మన చట్టం ప్రకారం కాపీరైటు 2049 చివరిదాకా ఉంటుంది. తెలుగు అనువాదం అచ్చువేయాలన్నా, టిక్కెట్టు పెట్టి ఆడాలన్నా హక్కుదారుల అనుమతి తప్పదు. అయితే విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా అధ్యాపకులు, విద్యార్థులు ఆడి, చూసేవాళ్లు కూడా ఆ సంస్థవాళ్లూ తల్లిదండ్రులూ మాత్రమే అయితే కాపీరైటు చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. ఇది తెలియక ప్రిన్సిపాళ్లు వద్దంటున్నారు, పిల్లలు పుస్తకం మూసేస్తున్నారు.

ఈ కారణాలతో మేము కోరుతున్నవి:

అ) సిలబస్‌లో నాటకం పేరు పక్కనే ఫ్రెంచి పేరు 'ఆన్ అతాందాఁ గోదో', అనువాదకుడు రచయితే అన్న మాట, చదవాల్సిన ముద్రణ స్పష్టంగా ఉండాలి. ఫేబర్ 1965 పాఠం గానీ, గ్రోవ్ ప్రెస్ పాఠం గానీ ఏదో ఒకటి తేల్చి చెప్పండి. 1956 పాఠాన్ని సెన్సారు చరిత్రకు ఉదాహరణగా మాత్రమే వాడండి.

ఆ) యూనివర్సిటీ, కాలేజీ లైబ్రరీల్లో ఉన్న కాపీలను పైన చెప్పిన మూడు చోట్ల చూసి, కోత ప్రతులకు అట్ట లోపల చీటీ అంటించమని ఆదేశాలివ్వండి. ఒక్కో పుస్తకానికి ఐదు నిమిషాలు పడుతుంది.

ఇ) 1953 నుంచి 1957 దాకా పారిస్, లండన్, డబ్లిన్, మయామీ, న్యూయార్క్, శాన్ క్వెంటిన్ ప్రదర్శనల మీద కనీసం నాలుగు గంటల పాఠం పెట్టండి. పరీక్షలో ఒక ప్రశ్న అందులోంచే రావాలి.

ఈ) ఇంటర్నల్స్ లో ఐదు మార్కులను పది నిమిషాల ప్రదర్శనకు కేటాయించండి. టోపీల సన్నివేశం గానీ, తాడు సన్నివేశం గానీ సరిపోతుంది. ఖర్చు ఒక తాడు, మూడు టోపీలు.

ఉ) సంవత్సరం అడిగే బిట్టు ప్రశ్నల్లో రచనదా, ముద్రణదా, ప్రదర్శనదా, ఏ భాషదా అన్నది రాయండి. ఇప్పటికే అస్పష్టంగా అడిగిన చోట విద్యార్థికి మార్కు కలపండి.

ఊ) 52వ సెక్షన్ మినహాయింపును వివరిస్తూ అనుబంధ కాలేజీలకు సర్క్యులర్ పంపండి.

వచ్చే విద్యాసంవత్సరం సిలబస్ ఖరారయ్యే సమావేశంలో ఈ ఆరు అంశాలనూ అజెండాలో చేర్చి, తీసుకున్న నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. రెండు పాఠాల తేడాల పట్టిక, సన్నివేశాలకు కావాల్సిన వస్తువుల జాబితా సిద్ధం చేసి ఉంచాం. ఏ శాఖ అడిగినా రుసుము లేకుండా ఇస్తాం.

ఇట్లు,
తెలుగు రాష్ట్రాల నాటక ప్రయోక్తలు, అనువాదకులు, ఇంగ్లీషు అధ్యాపకులు కొందరు